ఆపిన చప్పుడు

మా డాబా మీద ఎవరూ లేరని హారిస్ ప్రమాణం చేసి చెబుతాడు. నేను నమ్మను. హారిస్ అంటే ఇక్కడ బిల్డింగ్ కాపలావాడు. మావాడు ఈజిప్టు ముసలాయన, నేను లిఫ్టులోంచి దిగడం చూస్తే చాలు, చీపురు వెతుక్కుంటూ పక్కకు పోయే మనిషి. నా నోరు అలాంటిది. "మాఫీ అహద్, మేడమ్. కోయీ నహీ" అని అరబ్బీ సగం, హిందీ సగం కలిపి చెప్పి, మొలకు వేలాడే తాళాలగుత్తి ఆడించి చూపిస్తాడు. డాబా తాళం తన దగ్గరే ఉంది కాబట్టి పైన మనిషి ఉండే వీల్లేదని ఆయన వాదన. మరి ఆ చప్పుడేమిటని అడిగితే నీళ్ళ మోటారంటాడు.

నీళ్ళ మోటారు సంగతి నాకు చెప్పొద్దు. కువైట్‌లోని మంగఫ్‌లో ఈ ఆఖరి అంతస్తులోనే నా కాపురమంతా గడిచింది. మోటారు గురక పెడుతుంది, దగ్గుతుంది, ఒక్కోసారి నాలాగే సణుగుతుంది. ఇది అలా కాదు. వంటింట్లో పొయ్యి దగ్గర నేను నిలబడే చోటికి సరిగ్గా పైన, ఎండు కర్ర గట్టి బంతికి తగిలినట్టు ఠక్ మంటుంది. ఒక్కసారే. ఆ తర్వాత ఏమీ ఉండదు.

నన్ను భయపెట్టేది ఆ ఠక్ కాదు, తర్వాత ఏమీ లేకపోవడం. మా ఇంట్లో ఆ చప్పుడెప్పుడూ ఒంటిగా ఉండేది కాదు. ఠక్ అంటే మా ఆయన బంతి కొట్టాడని. వెంటనే ధబ్ అంటే మా అమ్మాయి దాన్ని కాలితో ఆపిందని. ఠక్, ధబ్. ఠక్, ధబ్. కింద నేను తిరగమోత వేస్తూ అంతా వినేదాన్ని. ధబ్ రాలేదంటే గోల్ పడిందని అర్థం. ఇంకాసేపట్లో తండ్రీ కూతుళ్ళు తగువులాడుకుంటూ మెట్లు దిగుతారని అర్థం.

ఆయన హాకీ ఆడేవాడు. మంచు మీద ఆడేది కాదు, మట్టిలో ఆడే మన హాకీ. కడప జిల్లాలో కాలేజీ చదువుతూ బెంగళూరులో ఏదో పోటీకి పోతే, అక్కడ ఆట చూడ్డానికొచ్చిన, కువైట్ అహ్మదిలోని ఒక కాంట్రాక్టు కంపెనీ మేనేజరు కంట్లో పడ్డాడు. ఆ మేనేజరు గోవా మనిషి, హాకీ పిచ్చోడు. ఆ రోజుల్లో ఇక్కడి కంపెనీలు శుక్రవారం సెలవు వస్తే చాలు, జట్లు దింపి పంతాలకు పోయేవి. ఊరికి తిరిగొచ్చేసరికి వెనకాలే వీసా వచ్చింది. కాగితాల మీద స్టోర్ కీపరు, నిజానికి జట్టులో హాఫ్ బ్యాక్. ఏ కాగితం ముందు పెడితే దాని మీద సంతకం పెట్టి విమానం ఎక్కాడు. మీసాలు సరిగ్గా రానివాడికి వీసా వస్తే, దాన్ని చదివి చూసుకునేదెవడు? మావైపు అలాంటి మగవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

నాలుగైదు సీజన్లు బాగా ఆడాడు. నన్ను పెళ్ళి చేసుకుని తీసుకొచ్చింది అప్పుడే. ఆ తర్వాత గోవా మేనేజరు ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు. కొత్తగా వచ్చినవాడికి ఆటలంటే పడదు. జట్టు రద్దయింది. జట్టు జెర్సీలన్నీ మూటగట్టి స్టోర్‌కు పంపించారు. స్టోర్ కీపరు మా ఆయనే కదా, గ్రీజు తుడుచుకోవడానికి గుడ్డ కావాలని వచ్చిన ప్రతివాడికీ తన చేత్తో ఒక్కో జెర్సీ చించి ఇచ్చాడు. ఇది నాకు చెప్పేటప్పుడు నవ్వాడు. నేను నవ్వలేదు.

అహ్మదిలోనే ఇంకో కంపెనీకి మంచి జట్టు ఉండేది. వాళ్ళు రమ్మన్నారు. కానీ ఇక్కడ మనిషి కంపెనీ మారాలంటే, మొదట తెప్పించుకున్నవాడు, అంటే కఫీల్, వదిలిపెడుతున్నానని రాసివ్వాలి. దాన్నే అందరం రిలీజ్ అంటాం. మా ఆయన అడిగాడు, ఇవ్వలేదు. మళ్ళీ అడగమంటే, "ఉండనీలే" అన్నాడు. ఆయనతో వచ్చిన చిక్కే అది, దేన్నయినా ఉండనిస్తాడు. నేను ఉండనిచ్చే రకం కాదు. జాబ్రియాలో ఉన్న కఫీల్ ఇంటికి నేనే పోయాను.

తలుపు తీసింది మన మనిషే. ఇప్పటి అన్నమయ్య జిల్లా నుంచి వచ్చి ఆ ఇంట్లో పనిచేసే ఆవిడ. నా బొట్టు చూసి మొహం వెలిగింది.

"మనోళ్ళా అక్కా? లోపలికి రా. చెప్పులు ఆడ ఇడ్సు. మామా పండుకోని ఉండాది, రవ్వంత మెల్లిగా మాట్లాడు." మామా అంటే ఆ ఇంటి యజమానురాలు.

"నేను గట్టిగా మాట్లాడదామనే వచ్చినా."

"ఓయమ్మో! నువ్వు మాట్లాడి నీ దోవన నువ్వు పోతావు. ఈడ ఉండేది నేను కదా తల్లీ!"

ఆ ఇంటి పెద్దాయన వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. తెల్లటి దుస్తులు, చేతిలో జపమాల, మొహంలో చిరాకు అన్నది లేదు. చిన్న గాజు గ్లాసులో చక్కెర ఎక్కువేసిన టీ తెప్పించాడు. నా మాటలన్నీ విన్నాడు. ఒక్కసారి కూడా అడ్డురాలేదు. చివరికి, మీ ఆయన మాకు కొడుకులాంటి వాడమ్మా అన్నాడు. తర్వాత నిజంగానే ఆశ్చర్యపోయినట్టు అడిగాడు: "వెన్ యరూహ్?" ఎక్కడికి పోతాడు? మా దగ్గర కాకపోతే ఇంకెక్కడికి పోతాడు?

ఆ గొంతులో కోపం ఉంటే గెలిచి ఉండేదాన్ని. నాకు కోపంతో వాదించడం వచ్చు. దయతో ఎలా వాదించాలో ఎవరూ నేర్పలేదు. టీ తాగి లేచి వచ్చేశాను. ఆ తీపి రెండు రోజులు నాలుక మీద ఉంది.

చట్టాలు మారి, రిలీజ్ ఇవ్వకపోయినా మారే వీలొచ్చేసరికి మా ఆయనకు ఆట వయసు దాటిపోయింది. "చూసినావా, నేను అడక్కుండానే వయసే నన్ను వదిలిపెట్టింది" అన్నాడు. ఆ సాయంత్రమే హారిస్‌కు సిగరెట్ ప్యాకెట్టు ఇచ్చి డాబా తాళం తీయించుకున్నాడు. అమ్మాయికి అప్పటికి ఏడెనిమిదేళ్ళు. స్టోర్‌లో మిగిలిన ఏసీ పైపుల మీద తొడిగే నల్లటి స్పాంజి గొట్టాలు తెచ్చి, నిలువుగా కోసి, దాని కాళ్ళకు కట్టాడు. రెండు నీళ్ళ ట్యాంకుల మధ్య సందును గోల్ చేశాడు. ఆడపిల్లను ఎండలో నల్లబరుస్తున్నాడని నేను అరిచాను. అరుస్తూనే ఆ గొట్టాలకు గట్టిగా ఉండేలా నాడాలు కుట్టి ఇచ్చాను.

అలా ఆపడం నేర్చుకున్న పిల్ల ఇండియాలో కాలేజీ జట్టుకు గోల్‌కీపరైంది. అది కాలేజీలో చేరిన మొదటి ఏడాదే ఆయన పోయాడు. పొద్దున కంపెనీ బస్సు ఎక్కి తన కిటికీ సీట్లో కూర్చున్నాడు. అహ్మదిలో అందరూ దిగారు, ఆయన దిగలేదు. నిద్రపోతున్నాడనుకున్నారు. పాపం, నిద్ర చెడగొట్టడం ఎందుకని డ్రైవరు కాసేపు ఇంజను ఆపకుండా ఏసీ వేసే ఉంచాడట. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఆ డ్రైవరును తిట్టాలో, కాళ్ళకు మొక్కాలో నాకు తెలియదు.

ఆయన్ను ఊళ్ళో దించి నేను తిరిగొచ్చాను. ఇక్కడ స్కూలు ఆఫీసులో నా ఉద్యోగం ఉంది, ఇక్కడ ఉండే అనుమతి, అదే ఇఖామా, నా పేరునే ఉంది. వచ్చిన వారానికే చప్పుడు మొదలైంది. ఠక్. ఎవరూ ఆపని బంతి.

ఆ చప్పుడు ఏదో అడుగుతోందని నాకు నేనే అనుకున్నాను. పిల్ల ఆడాలని అడుగుతోంది. తాను పోలేకపోయిన చోటికి అది పోవాలని అడుగుతోంది. చచ్చిపోయిన వాళ్ళ తరఫున వాదించడం చాలా సులువు. వాళ్ళు నోరు తెరిచి కాదనరు.

అలాంటి రోజుల్లో అమ్మాయి ఫోన్ చేసింది. "మా, లీగులో నా పేరు చదివినారంట."

ఆ లీగు పద్ధతి నాకు తర్వాత తెలిసింది. జట్ల వాళ్ళందరూ ఒకచోట కూర్చుని, వంతులవారీగా కాలేజీ ఆటగాళ్ళ పేర్లు చదువుతారట. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. ఒక జట్టు నీ పేరు చదివిందంటే ఇంకో జట్టు నిన్ను పిలవకూడదు. నిన్ను ఎవరు చదవాలో నీ చేతిలో లేదు. సంతకం పెట్టడమా మానడమా, అదొక్కటే నీ చేతిలో ఉంటుంది. అప్పుడు నాకు ఇవేవీ తెలియవు. తెలిసినా ఒకటే. కువైట్‌లో మాకు ఒకటే లెక్క: పేరు వచ్చిందంటే వీసా వచ్చినట్టే. వీసా వస్తే పని ఏమిటని అడగం, ముందు మిఠాయి పంచుతాం. కేరళ వాళ్ళ బేకరీలో లడ్లు కొని స్కూల్లో, బిల్డింగులో, చివరికి హారిస్‌కు కూడా పెట్టాను. ఆయన దేనికని అడగకుండానే రెండు తీసుకున్నాడు.

మా ఆయనతో పాటు స్టోర్‌లో పనిచేసిన నిజామాబాద్ మనిషి ఒకాయన ఉన్నాడు. నన్ను వదినా అంటాడు, మా అమ్మాయికి బాబాయ్. కంపెనీ బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చాడు. అమ్మాయి ఫోన్‌లో స్పీకరు మీద ఉంది.

"ముబారక్ వదినా! ఇంతకూ కఫీల్ మంచోడేనా?"

"కఫీల్ కాదు నాయనా, అది టీము."

"అదేలే. టీమే కఫీల్ అనుకో. మంచోడేనా అని అడుగుతున్న."

నేను కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. ఫోన్‌లో అమ్మాయి నవ్వలేదు. అప్పుడే అనుమానం రావాల్సింది.

కొన్నాళ్ళకు చెప్పింది, సంతకం పెట్టనని. ఫోన్‌లో నేను ఏమన్నానో రాయను. స్కూలుకు పిల్లల ఫీజు గురించి కొట్లాడ్డానికొచ్చిన తల్లిదండ్రులు నా కేకలు విని బయటి నుంచి బయటికే తిరిగిపోయారు, అంతే చెబుతాను. సెలవులకు విజిట్ వీసా తీసి దాన్ని ఇక్కడికి రప్పించాను. ఎదురుగా కూర్చోబెట్టుకుంటే దారికొస్తుందని నా ధీమా. అది వచ్చిన వారంలోనే, శుక్రవారంతో జట్టు పెట్టిన గడువు అయిపోతుంది.

వచ్చీ రాగానే అది అడిగిన మొదటి మాట: "ఏం మా, హారిస్ నన్ను చూస్తూనే మోటర్, మోటర్ అంటాండాడు. ఏం మోటరు?"

"నీళ్ళది. చెడిపోయింది."

అమ్మాయి వచ్చినప్పటి నుంచి చప్పుడు లేదు. అన్నం వార్చేటప్పుడు, గిన్నెలు కడిగేటప్పుడు చెవి పైకి వేసి ఉండేదాన్ని. ఏమీ లేదు. నేను ఒంటరిగా ఉంటేనే వస్తుందా? ఇంకో మనిషి పక్కనుంటే రాదా? ఆ చప్పుడు నా తలలోనే ఉందా? ఆ మాట తట్టాక, చప్పుడు వస్తే పడే భయం కన్నా రాకపోతే కలిగే భయం పెద్దదని తెలిసింది.

వాదన మాత్రం రోజూ జరిగింది. చపాతీలు చేస్తూ, బట్టలు మడుస్తూ.

"సంతకం ఎందుకు పెట్టవే?"

"వాళ్ళకు ఇద్దరు గోల్‌కీపర్లు ఉండారు మా. ఇద్దరూ ఇండియాకు ఆడినోళ్ళు. నేను మూడోదాన్ని. ప్యాడ్లు కట్టుకోని బెంచీ మీద కూర్చోవాల, అంతే."

"కూర్చో. కూర్చుంటే అరిగిపోతావా?"

"పెడితే కాలేజీ టీమ్ వదిలేయాల. ఈసారి నేనే కెప్టెన్."

"అన్నం పెడతామంటే విస్తరి బాగలేదన్నట్టుంది నీ యవ్వారం."

"అన్నం పెడతామనలేదు మా. పంక్తిలో కూర్చో, మిగిలితే చూద్దామన్నారు."

నోరు నాదే వచ్చింది దానికి. ఎవరిని అనుకుని ఏం లాభం?

"పెట్టకపోతే ఏమైతాది?"

"కాలేజీ అయ్యేదాక హక్కు వాళ్ళదే. ఇంకెవురూ నన్ను పిలవగూడదు. అయినాక ఆ హక్కు పోతాది. అప్పుడు ఎవురైనా పిలవచ్చు, నేను యాడికైనా పోవచ్చు. ఇట్లా ఆగినోళ్ళు చానామంది ఉండారు మా. నేను కొత్తగా కనిపెట్టింది కాదు."

"ఎవురూ పిలవకపోతే?"

అది పిండి చేతులతో అలాగే ఆగింది. ఆ ప్రశ్న దాన్ని కూడా నిద్రపోనివ్వడం లేదని అప్పుడు చూశాను. కళ్ళ కింద నలుపు ప్రయాణం వల్ల వచ్చింది కాదు.

"పిలవకపోతే పిలవరు" అంది.

"మీ నాయన ఉంటే ఒక్క మాటతో పెట్టించేవాడు."

"నాన్న పెట్టినాడు కదా మా."

గొంతు పెంచలేదు. నా వైపు చూడలేదు కూడా. చపాతీ తిప్పి వేసింది. నేను ఉప్పు డబ్బా తీసి, ఎందుకు తీశానో తెలియక మళ్ళీ అక్కడే పెట్టాను.

శుక్రవారం నిజామాబాద్ ఆయన్ను భోజనానికి పిలిచాను. నేను ఓడిపోతున్నప్పుడు సాక్షులను పిలుచుకోవడం నాకు అలవాటు. ఇండియాలో సాయంత్రం ఆఫీసులు మూసే వేళకు ఇక్కడ మేము తీరిగ్గా అన్నం తింటూ ఉంటాం. చేపల పులుసు వండాను. ఆయన ముళ్ళు తీసుకుంటూ తన వంతు వకాల్తా మొదలుపెట్టాడు.

"బిడ్డా, నా మాటిను. ముందుగాల సంతకం పెట్టి కూసో. తర్వాత సంగతి తర్వాత. మేమందరం గట్లనే కూసున్నం గదా."

"ఎన్నాళ్ళు కూర్చున్నావు బాబాయ్?"

ఆయన ముల్లు పళ్ళెం అంచున పెట్టాడు. ఆలోచించాడు. "ఇంకా లేవనే లేదు బిడ్డా" అని పెద్దగా నవ్వాడు. నవ్వి నవ్వి, ఎందుకో మధ్యలో ఆపేసి నీళ్ళు తాగాడు. గోడ మీద మా ఆయన ఫోటో ఆయనకు సరిగ్గా ఎదురుగా ఉంది.

అప్పుడు నా ఫోన్ మోగింది. అమ్మాయి తీయడం మానేసిందని జట్టు మేనేజరు నా నెంబరుకు చేశాడు. హైదరాబాద్ మనిషి, చక్కటి తెలుగు, మర్యాద గల గొంతు. నేను స్పీకరు మీద పెట్టాను. సంతకం పెట్టిస్తానని చెప్పడానికే పెట్టాను, ఇందులో దాపరికం లేదు. అమ్మాయి పళ్ళెంలోంచి తల ఎత్తలేదు.

"నమస్తే అమ్మా. మీ అమ్మాయి చాలా టాలెంటెడ్. కొంచెం భయపడుతోంది, అంతే. మీలాంటి పెద్దవాళ్ళు ఒక్క మాట చెబితే అయిపోతుంది. మా దగ్గర మా ఇంటి పిల్లలా చూసుకుంటాం."

ఇంటి పిల్ల. నా నాలుక మీద తీపి తగిలింది. పులుసు తింటున్న నోట్లో తీపి ఎక్కడిది?

"సార్, దాన్ని ఆడిస్తారా?" అన్నాను. అడగాలనుకోలేదు, వచ్చేసింది.

"అది కోచ్ నిర్ణయం అమ్మా. సీనియర్లు ఉన్నారు కదా. నేర్చుకుంటుంది."

"ఆడించకపోతే వేరే జట్టుకు పంపిస్తారా?"

"అలా ఎలా కుదురుతుందమ్మా? హక్కులు మావి కదా." చిన్నగా నవ్వాడు. ఆ నవ్వులో చెడ్డతనం ఏమీ లేదు. "అయినా మా దగ్గర కాకపోతే ఎక్కడికి పోతుంది చెప్పండి?"

జాబ్రియా ఇల్లు నా చుట్టూ వచ్చి నిలబడింది. చిన్న గాజు గ్లాసు, జపమాల పూసలు ఒకదాని మీద ఒకటి పడే చప్పుడు, మామా నిద్ర లేస్తుందేమోనని వంటింటి గుమ్మంలో నక్కి నిలబడ్డ మనవైపు మనిషి. అన్నేళ్ళుగా ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూనే ఉన్నానని అప్పటిదాకా నాకే తెలియదు. స్నానం చేస్తూ, బస్సులో, ఆయన పాడె లేస్తున్నప్పుడు కూడా. ఎదురుగా చూస్తే కూతురు. పళ్ళెం పక్కన దాని ఎడమచేయి పిడికిలి బిగించి ఉంది.

"ఎక్కడికీ పోదు సార్" అన్నాను. "అది గోల్‌కీపరు. ఎక్కడికీ పోకపోవడమే దాని పని. గీత మీద నిలబడుతుంది. కాలేజీ అయ్యేదాకా నిలబడుతుంది. మీరూ అంతవరకూ నిలబడండి. ఆ తర్వాత ఎక్కడికి పోతుందో అప్పుడు అడుగుదురు గానీ."

"అమ్మా, మీరు తొందరపడుతున్నారు. రేపు ఎవరూ పిలవకపోతే?"

నా ప్రశ్నే. నా గొంతులో ఎంత తెలివిగా వినిపించిందో, ఆయన గొంతులో అంత దొంగగా వినిపించింది.

"పిలవకపోతే పిలవరు" అన్నాను. ఆ మాట అనడానికి ఎంత గుండె ధైర్యం కావాలో అన్నాక తెలిసింది.

ఫోన్ పెట్టేశాక నిజామాబాద్ ఆయనే ముందు తేరుకున్నాడు.

"ఖలాసా వదినా?"

"ఖలాస్."

"మరి గా లడ్లు వాపస్ తీసుకుంటవా ఏంది? నాకైతే అరిగిపోయినయి."

అమ్మాయి అప్పుడు నవ్వింది. నవ్వుతూ చేతి వెనకవైపుతో కళ్ళు తుడుచుకుంది, పులుసు కారం అంటూ. కారం నేను తక్కువే వేశాను.

ఆయన వెళ్ళాక వంటింట్లో నేను గిన్నెలు కడుగుతున్నాను, అది నా పక్కన నిలబడి తుడుస్తోంది. కిటికీ బయట ఎండ తెల్లగా, కదలకుండా ఉంది. శుక్రవారం మధ్యాహ్నం, రోడ్డు మీద బస్సు లేదు, బిల్డింగ్‌లో పిల్లల అరుపుల్లేవు. మోటారు కూడా ఆగి ఉంది. ఆ సంగతి గట్టిగా చెప్పగలను, ఎందుకంటే కుళాయిలో నీళ్ళు సన్నబడ్డాయి.

పైన ఠక్ మంది.

నేను తల ఎత్తలేదు. ఎత్తలేకపోయాను. పక్కన అమ్మాయి చేతిలో పళ్ళెం, గుడ్డ అలాగే తిరుగుతున్నాయి. కానీ దాని కుడికాలు, దానికి తెలియకుండానే, నేల మీద జారుతూ పక్కకు పోయి సింకు కింది అలమర తలుపుకు అడ్డంగా తగిలింది.

ధబ్.

సబ్బు నురగ నా మోచేతి మీదుగా కిందికి జారింది. అమ్మాయి కాలు వెనక్కి తీసుకుని, పళ్ళెం అరలో పెట్టి, ఇంకో పళ్ళెం అందుకుంది.

"మోటరే కదా మా?" అంది, పళ్ళేన్నే చూస్తూ.

"మోటరే" అన్నాను.

దాని కాలేజీ ఇంకా అయిపోలేదు. ఆ జట్టు మళ్ళీ అడగలేదు, ఇంకో జట్టు అడగడానికి వీల్లేదు. అది గీత మీద నిలబడి ఉంది. నేను ఇక్కడ నిలబడి ఉన్నాను. హారిస్‌ను అడగడం మానేశాను, ఆయన ఇప్పుడు లిఫ్టు దగ్గర నన్ను చూసి పక్కకు పోవడం లేదు. నాకేదో జబ్బు చేసిందేమోనని హిందీలో పరామర్శించాడు కూడా.

పొయ్యి దగ్గర ఉన్నప్పుడు చప్పుడు వస్తూనే ఉంది. కాలు అడ్డం పెట్టే వయసు నాది కాదు. గరిటె కాడతో గట్టు మీద ఒక దెబ్బ వేస్తాను. చేతిలో పని ఉంటే ఒక్కోసారి ఆలస్యమవుతుంది, దెబ్బ అందదు. అప్పుడు గోల్ పడిందనుకుంటాను. కూర కింద మంట తగ్గించి, మెట్ల మీద తగువులాడుకుంటూ దిగే చప్పుడు కోసం కాసేపు చూస్తాను.